తెల్లదే, కానీ...

ఇసుక తడిగా ఉండాలి, బురదగా ఉండకూడదు. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. "పిండి కలిపిన చేతికి ఇది నేర్పేదేముంది" అన్నారు మాస్టారు మొదటిరోజు. కోడలుపిల్లకి ఆ పని అలా దొరికింది.

కోడలుపిల్ల అన్నది ఆమె పేరు కాదు. స్కూల్లో డ్రిల్లు చెప్పి రిటైరైన మాస్టారు ఆమె మామగారికి తమ్ముడు. లాంగ్‌జంప్ గోతి దగ్గర ఆయనే పెద్ద అంపైరు. మొదటిరోజు అందరికీ "మా కోడలుపిల్ల" అని చూపించారు, అంతే, పెద్దా చిన్నా తేడా లేకుండా స్టేడియం మొత్తానికి ఆమె కోడలైపోయింది. ఇంట్లో "మామయ్యగారూ" అని పిలిచే మనిషిని అక్కడ "సార్" అనాలి. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆమెకి నాలుక మడతపడేది.

పని చూడ్డానికి తేలికే. దేశదేశాల ఆడపిల్లలు ఒకరి తరవాత ఒకరు పరుగెత్తుకొచ్చి దూకుతారు. దూకేముందు ఆఖరి అడుగు వేసే చెక్కపలకని కాలు దాటితే మాస్టారు ఎర్రజెండా ఎత్తుతారు, దాటకపోతే తెల్లజెండా. తెల్లదైతే అద్దంపుల్లాయన వచ్చి, ఇసుకలో పడిన గుర్తు దగ్గర చిన్న అద్దం ఉన్న పుల్ల గుచ్చుతాడు. అవతల మిషను ముందు కూర్చున్నాయన ఆ అద్దాన్ని చూసి ఎంత దూరమో చదువుతాడు. అది అయ్యాక మాస్టారు "కానీ!" అంటారు. అప్పుడు కోడలుపిల్ల పొడుగాటి పళ్ళకర్ర వేసి గుర్తులన్నీ చెరిపి ఇసుక చదును చేస్తుంది. పలక మీద ఇసుక ఊడ్చే ఆవిడని అందరూ చీపురక్క అంటారు.

"వీళ్ళు దూకుతుంటే నాకు మా ఆయనే గుర్తొస్తున్నాడే" అంది చీపురక్క ఆ పొద్దున. "ఇంట్లో పనుందని అను, ఇంతకంటే దూరం దూకుతాడు."

కోడలుపిల్ల నవ్వలేదు. పాపకి పాలిచ్చే వేళ దాటిపోయింది. రొమ్ములు రాళ్ళలా బిగిసి, చొక్కా లోపల పెట్టుకున్న గుడ్డ తడిసింది. ఆ తడి బయటికి కనపడుతోందేమోనని పళ్ళకర్రని గుండెలకి అడ్డంగా పట్టుకుని నిలబడింది. అత్తగారు పాపకి సీసా పట్టారో లేదో. పడితే పాప తాగిందో లేదో. తాగకపోతే ఏడ్చి ఏడ్చి...

"కొంగమ్మ వస్తోంది, చూడు" అంది చీపురక్క.

ఆ పేరూ చీపురక్క పెట్టిందే. ఆ అమ్మాయికి కాళ్ళు పొడుగు, మెడ పొడుగు. నేల మీద ఏదో పారేసుకున్నట్టు వంగి నడుస్తుంది. రెండుసార్లు దూకింది, రెండుసార్లూ ఎర్రజెండానే. ఇది ఆఖరుసారి. ఇది బాగా పడితే ఫైనల్‌కి, లేకపోతే పెట్టె సర్దుకోవడమే. ఆ అమ్మాయి దూరంగా నిలబడి, తల వంచి, పెదవులు కదుపుతూ ఎవరితోనో పోట్లాడుతున్నట్టుగా ఉంది. తరవాత పరుగు మొదలుపెట్టింది.

కోడలుపిల్ల చూసింది ఆమె గాల్లో ఉన్నప్పుడు కాదు, ఇసుకలో పడ్డప్పుడు. ధబ్బుమని పడలేదు. నిండు సంచి గోడవారగా జారి కూర్చున్నట్టు, మెత్తగా, చాలా ముందుకి పడింది. ఆ పొద్దున ఎవరూ పడనంత ముందుకి. ఇసుక చినుకుల్లా లేచి కోడలుపిల్ల పాదాల మీద పడింది.

వెనకనించి మాస్టారి గొంతు వినబడింది. "తెల్లదే, కానీ..."

ఆమె చేతులు కదిలాయి. ఆ మాట చెవిలో పడటానికీ చెయ్యి కదలడానికీ మధ్య ఆలోచన అనేది ఎప్పుడో మాయమైపోయింది. పళ్ళకర్ర ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి వెళ్ళింది.

"అయ్యయ్యో! అయ్యయ్యో!" అన్నాడు అద్దంపుల్లాయన. పుల్ల చేతిలోనే ఉంది. గుచ్చడానికి చోటు లేదు.

ఆమె వెనక్కి తిరిగింది. మాస్టారు మిషను వైపు ఒక చెయ్యి చాపి ఉన్నారు. మిషను వెలగలేదట. "తెల్లదే, కానీ కాస్త ఆగండి" అనబోయారు. రెండో చేతిలో తెల్లజెండా నడుం దాకా లేచి ఉంది. ఉందనే ఆమెకి అనిపించింది. ఆయన చదునైన ఇసుకని చూశారు. ఆమె మొహం చూశారు. చాపిన చెయ్యి దించి, ఇస్త్రీ చేసిన టోపీ సర్దుకున్నారు.

తరవాత ఎర్రజెండా ఎత్తారు.

కొంగమ్మ గోతి పక్కనించి పలక దాకా ఒక్క పరుగున వచ్చింది. పలక చివర మైనం పట్టీ ఉంటుంది. కాలు దాటితే దాని మీద నొక్కు పడుతుంది. ఆ అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని మైనాన్ని వేలితో చూపించింది. నున్నగా ఉంది. మాస్టారు తల అడ్డంగా ఊపి, మైనానికి తగలకుండా పైనుంచి దాటావని చేత్తో గాల్లో గీసి చూపించారు. ఫైనల్‌కైతే పలక దగ్గర కెమెరా పెడతారు గానీ, వడపోత పోటీకి ఆ గోతికి ఆయన కళ్ళే కెమెరా.

కొంగమ్మ గురువు, భారీ మనిషి, కంచె అవతలనించి ఏదో అరుస్తూ కాగితం ఊపుతోంది. చీపురక్క చీపురు చూసుకుంటోంది. మిషనాయన మిషను చూసుకుంటున్నాడు. అందరి పనీ అందరికీ ఉన్నట్టుండి ముఖ్యమైపోయింది.

*

మెట్ల కింద సామాన్ల గదిలో మాస్టారు జెండాలు రెండూ విడివిడిగా చుట్టి, చంటిబిడ్డల బట్టల్లా మడత మీద మడత సరిచేస్తున్నారు.

"మామయ్యగారూ..."

"ఇక్కడ సార్ అనమన్నానా, లేదా?"

"సార్. నావల్ల..."

"నీవల్ల ఏమీ కాలేదమ్మా. అది ఎర్రది. ఎర్రదానికి కొలత ఉండదు. కొలత లేనప్పుడు నువ్వు చెరిపినా ఒకటే, చెరపకపోయినా ఒకటే."

"మీరు తెల్లదే అన్నట్టు వినపడింది."

ఆయన మడత ఆపారు. "నీకు పొద్దున్నించి పాప మీదే ధ్యాస. వినపడ్డవన్నీ అన్నవి కావు. నేను కదా పలక చూసింది? నువ్వు ఇసుక చూశావు." కాస్త ఆగి, గొంతు తగ్గించారు. "పైవాళ్ళు రేపు పిలిచి అడుగుతారు. ఆ గురువమ్మ ఫిర్యాదు పెట్టింది. ఎర్రజెండా చూశానని చెప్పు, చాలు. చూశావా లేదా?"

"చూశానండీ."

"మరి అబద్ధం ఎక్కడుంది?"

నిజమే. ఎర్రజెండా చూసింది. ఆయన ఎత్తగా చూసింది. ఇంటికెళ్ళే బస్సులో కిటికీకి తల ఆనించి ఆమె ఆ మాటే తిప్పి తిప్పి చూసుకుంది. చూశానని చెప్తే అబద్ధం కాదు. నిజం చెప్పినట్టూ లేదు. మామయ్యగారు తనని కాపాడుతున్నారా, తనే ఆయన్ని కాపాడాలా? ఎవరు ఎవరికి అడ్డం నిలబడ్డారో తేలలేదు.

ఇంటికి రాగానే పాపని లాక్కున్నట్టు తీసుకుంది. పాప అంతకంటే ఆత్రంగా పట్టుకుంది. అత్తగారు పక్కింటావిడతో గోడ మీదుగా చెప్తున్నారు. "మా మరిది చెయ్యెత్తితే దేశాలు ఆగిపోతాయమ్మా! తెల్లజెండా ఎత్తితే వెళ్ళాలి, ఎర్రజెండా ఎత్తితే ఆగాలి. టీవీలో అటునించి చూపించారు గానీ, వీపు చూసినా పోల్చుకున్నాను."

భర్తకి చెప్పింది, ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తుండగా. ఆయన పూర్తిగా విన్నాడు, అదొక్కటే మేలు.

"బాబాయి ఎర్రదన్నారు కదా. తెల్లదనడానికి నువ్వెవరు?"

"నేను తెల్లదనలేదండీ. ఆయనే అన్నారు."

"మళ్ళీ ఆయనే ఎర్రదన్నారు."

"అదేనండీ నేను చెప్పేది."

"ఏది చెప్తున్నావు? నాకర్థం కాలేదు."

ఆమెకీ అర్థం కాలేదు. ఏడో తరగతిలో బడి మాన్పించినప్పటినించి ఆమెకొక అలవాటు. ఎవరైనా గట్టిగా ఒక మాటంటే తను విన్నదే తప్పేమో అనుకుంటుంది. తెల్లజెండా నడుం దాకా లేచిందా? అది జెండానా, ఆయన చొక్కా అంచా? చొక్కా కూడా తెల్లదే కదా. కానీ ఆ అమ్మాయి పడ్డ చోటు మాత్రం కళ్ళు మూసుకుంటే ఉంది. రెండు మడమల గుంటలు, పక్కనే కొంచెం వేలిగీత. అది చెరిపింది తన చెయ్యి. ఆ అమ్మాయి తల్లి ఏ ఊళ్ళోనో టీవీ ముందు కూర్చుని ఉంటుంది కదా.

"నువ్వు తెల్లదంటే బాబాయి పరువు పోతుంది" అన్నాడు భర్త నెమ్మదిగా. "నీ పని పోతుంది. అమ్మ నాతో మాట్లాడదు. ఎర్రదంటే ఏం పోతుంది?"

"ఆ అమ్మాయి పోతుందండీ."

"ఆ అమ్మాయి మనకేమవుతుంది?"

ఏమీ కాదు. అదీ నిజమే.

*

విచారణ గది చల్లగా ఉంది. పొడుగు బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు, వేరే దేశాలవాళ్ళు. బల్ల ఈ పక్కన దుబాసీ పిల్ల, రెండు భాషలూ తెలిసిన అమ్మాయి. గోడవారన మాస్టారు, టోపీ ఒళ్ళో పెట్టుకుని. ఎదురుగోడకి కొంగమ్మా ఆమె గురువూ. కొంగమ్మ అరచేతుల్లో మొహం పెట్టుకుని లేదు, ఏడవటం లేదు. తిన్నగా కోడలుపిల్ల చేతుల్నే చూస్తోంది. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు.

"భయపడకండక్కా" అంది దుబాసీ పిల్ల. "మీరేం చూశారో, ఏం విన్నారో చెప్పండి. నేను వాళ్ళకి చెప్తాను."

"ఎర్రజెండా చూశానండీ."

దుబాసీ పిల్ల చెప్పింది. బల్ల వెనక నడిమాయన తల ఊపి, ఏదో అడిగాడు.

"జెండా చూశాక ఇసుక చదును చేశారా, చూడకముందా?"

ఆమె మాస్టారి వైపు చూసింది. ఆయన టోపీ అంచు సవరించుకుంటున్నారు. ఇది చెప్పమన్న మాటల్లో లేదు. "నాకు జెండాతో పని లేదండీ" అంది. "నేను గోతి వైపు తిరిగి ఉంటాను. సార్ చెప్తారు, నేను చేస్తాను. చెప్పందే చెయ్యను." ఈ మాటతో తనకీ ఆయనకీ ఇద్దరికీ మంచిది చేశాననుకుంది.

"ఏమని చెప్తారు?"

"కానీ అంటారు."

"నిన్న కూడా అన్నారా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

రాత్రంతా, వంటింట్లో, బస్సులో, ఆమె నోట్లో నలిగిన మాట ఒక్కటే. అది జారిందా, తనే వదిలిందా, ఆ తరవాత ఎన్నిసార్లు అడుక్కున్నా ఆమెకి తేలలేదు.

"తెల్లదే, కానీ... అన్నారు."

దుబాసీ పిల్ల నోరు తెరిచి, మూసింది. "తెల్లదే అన్నారా?"

కొంగమ్మ గురువు దుబాసీ మొహం చూసి కుర్చీలో ముందుకి జరిగింది. మాస్టారు కదల్లేదు.

"ఒక్క నిమిషమక్కా" అంది దుబాసీ పిల్ల, చెమట పట్టినట్టు నుదురు తుడుచుకుని. "ఇక్కడ నాకొక చిక్కుంది. కానీ అంటే చెయ్యమనా? లేక, 'కాకపోతే' అంటామే, అలా ఆగమనా? మనకి రెంటికీ ఒకటే మాట. వాళ్ళ భాషలో వేరువేరు. నేను ఏదో ఒకటే చెప్పాలి."

"చెయ్యమనేనండీ" అంది కోడలుపిల్ల. "చెయ్యమంటేనే చేశాను. చెయ్యమనకుండా నేనెందుకు చేస్తాను?"

"అంటే ఆయనే చెరపమన్నారన్నమాట."

"ఆయనే అన్నారండీ."

"కాదమ్మా!" మాస్టారు లేచి నిలబడ్డారు. టోపీ నేల మీద పడింది. తరగతిలో పిల్ల తప్పు చదివితే చివరి బల్ల దాకా వినబడే గొంతు అది. "నేనన్నది ఆ కానీ కాదు! నేనెందుకు చెరపమంటాను, కొలవకుండా? తెల్లదే, కానీ మిషను వెలగలేదు, ఆగండి అంటున్నాను. సాగదీసి అన్నాను. కానీ... అని. చెయ్యమనే కానీ పొట్టిది. ఇన్ని రోజులు విన్నావు, పొట్టిదేదో పొడుగుదేదో తెలియదా?"

"మీరన్నది ఒకటి, నేను విన్నది ఒకటి మామయ్యగారూ" అంది ఆమె. సార్ అనడం మరిచిపోయింది.

దుబాసీ పిల్ల ఇంకా బల్ల వెనకవాళ్ళకి ఏమీ చెప్పలేదు. మాస్టారు ఒక చెయ్యి గాల్లో ఉంచి, తను ఇప్పుడేమన్నారో తనే వింటున్నట్టు నిలబడ్డారు. మెల్లగా ఆ చెయ్యి దిగింది.

"చెప్పమ్మా" అన్నారు దుబాసీ పిల్లతో. "నేనన్నది అన్నట్టే చెప్పు."

ఆ అమ్మాయి చెప్పింది. చాలాసేపు పట్టింది. బల్ల వెనక ఒకాయన ఒకసారి నవ్వబోయి ఆగిపోయాడు. కొంగమ్మ ఇప్పుడు రెండు చేతుల్లో మొహం దాచుకుంది. మాస్టారు వంగి టోపీ తీసుకుని, దుమ్ము దులిపారు గానీ పెట్టుకోలేదు.

బయట నడవాలో చీపురక్క ఎదురొచ్చింది. "ఎంత పని చేశావే!" అంది. మెచ్చుకోలో తిట్టో ఆ గొంతులో తెలియలేదు. "నాకైతే అంత ధైర్యం లేదమ్మా."

"ధైర్యం కాదక్కా, నోరు జారింది."

"అలా అనకు. ఎవరూ నమ్మరు."

ఆ సాయంత్రం అత్తగారు పాపని ఆమె ఒళ్ళో పెట్టారు, మాట్లాడకుండా. మామూలుగా "ఇదిగో నీ రాక్షసి" అనేవారు. పక్కింటావిడ గోడ దగ్గరికొచ్చి పిలిస్తే, తలనొప్పి అని లోపలికి వెళ్ళిపోయారు. భర్త మాత్రం గదిలో చాలాసేపు తచ్చాడి, చివరికి అన్నాడు. "బాబాయిని తీసేశారట. ఫైనల్‌కి వేరే ఆయన."

"నన్ను కూడా తీసేస్తారుగా?"

"నిన్ను రమ్మన్నారు. పొద్దున్నే. ఆ అమ్మాయి మళ్ళీ ఒకసారి దూకుతుందట."

తనని ఉంచి ఆయన్ని తీసేశారు. చెరిపింది తను. ఆమె పాప వీపు తడుతూ ఉండిపోయింది, పాప ఎప్పుడో నిద్రపోయినా సరే.

*

పొద్దున స్టేడియంలో కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఒక మూల ఎవరో నీళ్ళగొట్టంతో మెట్లు కడుగుతున్నారు. కోడలుపిల్ల ఇసుక తడిపి, తిరగేసి, చదును చేసి, నచ్చక మళ్ళీ చేసింది. ఆ అమ్మాయికి ఇసుక వల్ల నష్టం రాకూడదని తన చేతిలో ఉన్నది అంతే. కొత్త అంపైరు పల్చటి మనిషి, ఎవరితోనూ మాట్లాడడు, అన్నీ వేలితోనే చూపిస్తాడు. చీపురక్క పలకని అద్దంలా తుడిచింది.

కొంగమ్మ వచ్చింది. దూరంగా నిలబడింది. ఈసారి పెదవులు కదపలేదు. చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు, పోటీగా దూకేవాళ్ళు లేరు. నీళ్ళగొట్టం చప్పుడు ఒక్కటే. పరుగెత్తింది. పరుగు బాగానే ఉంది, కానీ పలక దగ్గరికి వచ్చేసరికి ఎక్కడో భయం తగిలినట్టు చివరి అంగ చిన్నదైంది. కాలు పలకకి చాలా వెనకే పడింది. తెల్లజెండా లేచింది, అనుమానం లేని తెల్లజెండా. పుల్ల గుచ్చారు. మిషను వెలిగింది. చదివారు.

ఫైనల్‌కి కావలసినదానికి జానెడు తక్కువ.

ఆ గురువమ్మ కంచె మీద రెండు చేతులూ పెట్టి తల వాల్చేసింది. కొంగమ్మ ఇసుక అంచున కూర్చుని బూట్లు విప్పి, ఒక్కొక్కటిగా ఇసుక దులుపుకుంది. తరవాత లేచి కోడలుపిల్ల దగ్గరికి వచ్చి ఏదో అంది. నాలుగైదు మాటలు. గొంతు మెత్తగానే ఉంది. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. దుబాసీ పిల్ల అక్కడ లేదు. కోడలుపిల్ల తల ఊపింది, దేనికి ఊపిందో తెలియకుండానే.

"ఎంత పడింది?"

తాడు అవతల మాస్టారు. టోపీ లేదు. గోతి దగ్గర టోపీ లేకుండా ఆయన్ని ఆమె చూడటం అదే మొదటిసారి. ఆయన ఎప్పుడొచ్చారో, ఎక్కడ కూర్చుని చూశారో.

"జానెడు తక్కువండీ."

"ఆ రోజు దీనికంటే చాలా ముందుకి పడింది" అన్నారు. ఆ మాట ఆమెతో అన్నట్టు లేదు. "నేను చూశాను. నా కళ్ళతో చూశాను కదా." తాడు ఎత్తి లోపలికి వచ్చారు. ఎవరూ ఆపలేదు. పలక పక్కగా నడుచుకుంటూ గోతి దాకా వచ్చి, వంగి, వేలితో ఇసుకలో గుచ్చారు. "ఇదిగో, ఇక్కడ."

"ఇంకొంచెం ముందుకండీ" అంది కోడలుపిల్ల. అనకుండా ఉండలేకపోయింది. పళ్ళకర్ర మొదలుతో గుచ్చి చూపించింది. "ఇక్కడేమో. పక్కన వేలిగీత కూడా పడింది."

"అంత ముందుకా? కాదమ్మా."

"ఏమోనండీ. నాకలా గుర్తు."

"నాకిలా గుర్తు."

ఇద్దరూ రెండు గుంటల్ని చూస్తూ నిలబడ్డారు. రెండింటి మధ్య బెత్తెడు తేడా ఉందేమో. ఏది నిజమో చెప్పే మనిషి ఈ భూమ్మీద లేరు. ఆ ఇద్దరే ఉన్నారు, ఇద్దరికీ రెండు రకాలుగా గుర్తుంది.

కొంగమ్మ బూట్లు చేత్తో పట్టుకుని వాళ్ళని చూస్తోంది. ముసలాయన వేలినీ, ఈమె కర్రనీ చూసింది. భాష అక్కర్లేకుండానే ఆమెకి తెలిసిపోయింది. వట్టికాళ్ళతో గోతిలో దిగింది. ఒక మడమ ఆయన గుంటలో పెట్టింది, రెండో మడమ ఈమె గుంటలో. పలక వైపు తిరిగి చూసింది. ఫైనల్‌కి ఇక్కడైనా చాలు. అక్కడైనా చాలు.

దూకినవాళ్ళు ఎవరూ ఇసుకలో వెనక్కి నడవరు. నడిస్తే ఆ దూకు చెల్లదు. అందుకే ముందుకో పక్కకో వెళ్ళిపోతారు. ఆ అమ్మాయి మాత్రం అక్కడినించి వెనక్కి, ఒక్కొక్క అడుగే లోతుగా దింపుకుంటూ, గొయ్యంతా దాటి పలక దాకా నడిచింది. పలక మీద నిలబడి, ఇటు తిరిగి, ఆ రెండు గుంటల్ని చూస్తూ ఉండిపోయింది.

కొత్త అంపైరు చదును చెయ్యమని ఇసుక వైపు వేలు చూపించాడు. సాయంత్రం ఫైనల్ ఉంది.

కోడలుపిల్ల చూడనట్టు నిలబడింది. మాస్టారు కూడా.